యొర్దాను ఒడ్డున వినిపించిన మాట

ప్రియులారా, మత్తయి సువార్త 3వ అధ్యాయం చివరి వచనం దగ్గర కాసేపు ఆగుదాం. యేసు బాప్తిస్మం తీసుకుని ఒడ్డుకు వచ్చాడు. “ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను” అని ఆకాశం నుంచి మాట వినిపించింది. అప్పటికి ఆయనకు సుమారు 30 ఏళ్లని లూకా రాశాడు. ఇంకా ఒక్క రోగినీ బాగుచేయలేదు, కొండమీద ప్రసంగం చేయలేదు, వెంట శిష్యులు లేరు. ఊరివాళ్లకు ఆయన వడ్లవాడు, అంతే. తండ్రి ఆనందించింది అప్పుడు.

తర్వాతి అధ్యాయంలో శోధకుడు, అంటే సాతాను, నోరు తెరవగానే ఏమన్నాడు? “నీవు దేవుని కుమారుడవైతే...” కుమారుడని తండ్రి చెప్పేశాడు, వీడు రుజువు చూపమంటున్నాడు. ఏడాదికోసారి అప్రైజల్ కాగితం చేతికొచ్చినప్పుడు మన లోపల వినిపించే గొంతు ఇదే. రేటింగ్ తగ్గితే జీతం పెరగదు, అది లెక్క. “నేను దేనికీ పనికిరాను” అన్న వాక్యం మాత్రం ఆ కాగితంలో లేదు. అది మనం రాసుకున్నది.

మన పునాది ఎక్కడుందో తెలియాలంటే ఒక పని చేయండి. తెల్లకాగితం మీద “నేను” అని మొదలుపెట్టి పది వాక్యాలు రాయండి. పాస్టరుగారు మెచ్చే జవాబులు వద్దు, ముందు తట్టినవే రాయండి. రేపు ఉద్యోగం పోతే చెల్లని వాక్యాలు కొట్టేయండి. తర్వాత ఆరోగ్యం పోతే చెల్లనివి. ఆఖరున, సంఘంలో మీ బాధ్యత వేరొకరికిస్తే చెల్లనివి. ఈ మూడో విడతలోనే చెయ్యి ఆగుతుంది.

అసలు చిక్కు అక్కడుంది. ఉద్యోగాన్ని గద్దె దింపి పరిచర్యను ఎక్కిస్తాం. కీబోర్డు వాయించడానికి మరొకరు వచ్చారని మనసు ముడుచుకుంటే, జబ్బు పాతదే. లూకా 10లో యేసు పంపిన డెబ్బైమంది “దయ్యాలు కూడా మాకు లోబడుతున్నాయి” అని ఉప్పొంగుతూ వచ్చారు. ప్రభువు వాళ్ల పనిని తప్పుపట్టలేదు. అందుకు కాక, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించమన్నాడు. గెలిచి వచ్చినవాళ్లకు ఈ మాట చెప్పాడు, గమనించండి.

మరి ఆ పేరు మీద నిలబడడం ఎలా? ఉదయం మెయిల్ తెరవకముందు ఎఫెసీయులకు 1:3–14 పైకి వినిపించేలా చదవండి, రెండు మూడు నిమిషాలు పడుతుంది. గ్రీకులో ఇదంతా ఒకే వాక్యం. పెన్సిలుతో క్రియల కింద గీత గీయండి: ఆశీర్వదించాడు, ఏర్పరచుకున్నాడు, నిర్ణయించాడు, అనుగ్రహించాడు. అన్నిటికీ కర్త దేవుడే. మన వంతు 13వ వచనంలో వస్తుంది: విన్నారు, నమ్మారు. అంతలోనే పరిశుద్ధాత్మ ముద్ర పడిపోయింది.

ఇక వారానికొక విశ్రాంతి దినం. ద్వితీయోపదేశకాండం 5:15 దీనికి చెప్పే కారణం అలసట కాదు, ఐగుప్తులో ఇశ్రాయేలీయులు చేసిన దాస్యం. మట్టిలో కలిపే గడ్డి ఇవ్వకపోయినా ఇటుకల లెక్క తగ్గకూడదన్న ఫరో దగ్గర సెలవుండదు కదా. ముందురోజు సాయంత్రం మిగిలిన పనులన్నీ, ఒక్కోదానికి మొదటి అడుగుతో సహా, కాగితం మీద రాసేయండి. రాయకపోతే అవి రాత్రంతా బుర్రలో తిరుగుతాయి. ఆఫీసు మెయిల్ 24 గంటలు ఆపండి. ఆదివారం షిఫ్టు ఉన్నవాళ్లు వేరే రోజు పెట్టుకోండి. మొదటి వారాల్లో చెయ్యి ఊరికే ఫోను మీదికి పోతుంది. ఏ కబురు కోసం వెతుకుతోందో ప్రభువుకు పేరుపెట్టి చెప్పండి.

ఇదంతా విని పనిలో అశ్రద్ధ చేస్తే నేరం నా మీద వేయకండి. మనస్ఫూర్తిగా పనిచేయమని కొలొస్సయులకు 3:23 చెప్పింది దాసులకు, అంటే పనికి పేరూ పదవీ దక్కనివాళ్లకు. పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు. అపొస్తలుడిననే మాటకు అది అడ్డురాలేదు.

ఉద్యోగం పోయిన సహోదరుడు మన మధ్య ఉంటే “దేవుడు ఇంతకంటే మంచిది ఇస్తాడులే” అనకండి. ఉద్యోగం వచ్చేదాకా అతను సగం మనిషేనన్నట్టు వినిపిస్తుంది. పైగా ఆ వాగ్దానం మన చేతిలో లేదు. బియ్యం, ఫీజు సంగతి సంఘం చూసుకోవాలి. ఆ తర్వాత అతనింటికి వెళ్లి, ఇంటర్వ్యూల ఊసెత్తకుండా ఒక గంట కూర్చుని రండి.