లాభం కొన్నరోజే తేలిపోతుంది

నమస్కారం. పాత కార్లు బాగుచేసి అమ్మాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది, ఏ రిపేర్లు నేర్చుకోవాలి అని. ఏ కారు కొనకూడదో ముందు నేర్చుకోండి అంటాను. నా మొదటి కారు ఆ పాఠం గట్టిగానే చెప్పింది. పైకి నిగనిగలాడుతోంది, బేరం కుదిరింది, మురిసిపోయాను. వారం తిరక్కుండానే గేర్‌బాక్స్ మూలగడం మొదలుపెట్టింది. దాన్ని బాగుచేయించాను. ఎలాగూ చేయిస్తున్నాం కదా అని బండి మొత్తానికి పెయింట్ వేయించాను. ఐదు నెలలు ఇంటి ముందు నిలబెట్టి అమ్మితే పెట్టిన డబ్బు కూడా తిరిగి రాలేదు. సెలవు రోజుల్లో పడ్డ చాకిరీ సరేసరి, అది లెక్కలోకే రాలేదు.

అమ్మే ధర మన చేతిలో ఉండదండీ. అలాంటి కార్లు చుట్టుపక్కల ఎంతకు పోతున్నాయో మనదీ అంతకే పోతుంది. అందుకే నేను లెక్క చివరి నుంచి మొదలుపెడతాను. అమ్ముడుపోయే ధరలోంచి రిపేర్లు, కాగితాల ఖర్చు, ఇన్సూరెన్సు, నాకు మిగలాల్సింది తీసేస్తాను. కంటికి కనపడని లోపాలకు ఇంకొంత తీస్తాను. మిగిలినదే నేను పెట్టగలిగే ధర. ఓనరు అంతకు దిగకపోతే దండం పెట్టి వచ్చేస్తాను. పది బండ్లు చూస్తే ఒకటి కొంటే ఎక్కువ.

చూడటానికి వెళ్లే ముందు ఫోన్‌లోనే చెప్తాను, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి అని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేస్తాను. వేడిగా ఉంటే నాకు అనుమానమే. ఇంజిన్ జబ్బులు చాలావరకు చల్లటి బండిని స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే బయటపడతాయి. సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. వేడెక్కాక కూడా చిక్కటి తెల్ల పొగ ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తుంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఇంజిన్ లోపలికి పోతోందని లెక్క. ఇంజిన్ భాగాల మధ్య లీకు లేకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. దాని జోలికి నేను వెళ్లను.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే చిన్న స్కానర్ ఒకటి కొనుక్కోండి. డాష్‌బోర్డ్ మీద వార్నింగ్ లైటు లేదంటే లోపం లేదని కాదు, మీరు వచ్చే ముందు కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు. అలా చెరిపితే కారు తనకు తాను చేసుకునే పరీక్షలు కూడా మొదటికొస్తాయి. అవి ఇంకా పూర్తికాలేదని స్కానర్ చూపిస్తుంది. బ్యాటరీ తీసి పెట్టినా ఇలాగే కనపడుతుంది కాబట్టి వెంటనే దొంగతనం అంటగట్టకండి, ఎందుకని అడగండి చాలు.

నీట మునిగిన బండిని ఎంత కడిగినా సీటు బెల్టు చివరిదాకా లాగితే మట్టి చార దొరికిపోతుంది. కిలోమీటర్లు తక్కువ కనపడేలా మీటరు తిప్పినవాడు అరిగిన పెడల్ రబ్బర్లు మార్చడం మర్చిపోతాడు. టైరు పక్కన తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 3521 అంటే 2021లో 35వ వారం.

ఇక రిపేర్లు. బ్రేకులు, టైర్లు, స్టీరింగ్ విషయంలో పిసినారితనం వద్దు, ఎందుకంటే రేపు అందులో కూర్చునేది ఒక కుటుంబం. మీ ప్రాణం సంగతి కూడా చూసుకోండి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. అందానికైతే పసుపెక్కిన హెడ్‌లైట్లు చాలా గిట్టుబాటు పని. ముందు ముతక, తర్వాత నున్నటి సాండ్‌పేపరుతో తడిపి రుద్ది, పాలిష్ చేసి, ఎండ తట్టుకునే కోటింగ్ వేయాలి. ఆ కోటింగ్ మానేస్తే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతాయి. లోపల సీట్లు శుభ్రం చేయండి. ఫుల్ పెయింట్ మాత్రం వేయకండి. కొత్త రంగు చూడగానే కొనేవాడు "యాక్సిడెంట్ అయిందా?" అంటాడు.

ఆ అనుమానం మీదే జార్జ్ ఆకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక పరిశోధనా వ్యాసం రాశాడు. 2001లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ కూడా అందుకున్నాడు. లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు ఏ కారుకైనా మధ్యరకం ధరే ఇస్తానంటాడు. అది గిట్టక మంచి కార్లవాళ్లు అమ్మడమే మానేస్తారు, డొక్కు బండ్లు మిగులుతాయి. మన మంచి బండి కూడా అదే గాటన పడుతుంది. అందుకే ప్రతి బిల్లూ, పాత పార్టుల ఫోటోలూ ఫైల్లో పెడతాను. ఏసీ సరిగ్గా లేకపోతే ప్రకటనలోనే రాసేస్తాను. నీ మెకానిక్‌ని తెచ్చుకో అని నేనే అంటాను. బేరం సగం టెన్షన్ అక్కడే పోతుంది.

చాలాచోట్ల ఏడాదికి కొన్ని కార్లకు మించి అమ్మితే డీలర్ లైసెన్సు కావాలి, లాభం మీద పన్నూ ఉంటుంది. మొదటి బండి కొనకముందే ఆ రూల్స్ కనుక్కోండి. బండి మీద తీరని లోను ఉందేమో కూడా.

మాటలు చాలు. నిన్ననే చూడటానికి తెచ్చిన కారొకటి బయట ఉంది, ఇంకా బేరం కాలేదు. పొద్దున్నుంచి ఎవరూ తాళం తిప్పలేదు, బానెట్ చల్లగానే ఉంది. రండి, స్టార్ట్ చేద్దాం.