చెక్క మెట్లు కాంక్రీట్ మీద కదలకుండా నిలవాలంటే

[దృశ్యం: పెరట్లో డెక్. కిందకి దిగే చెక్క మెట్లు. ఒక చెయ్యి రెయిలింగ్ పట్టుకుని ఊపుతుంది. మెట్ల పాదం కాంక్రీట్ మీద కాస్త జరుగుతుంది.]

నమస్కారం. ఈ మెట్ల పాదం చూడండి. పైన డెక్ దగ్గర, అంటే ఇంటికి ఆనించి కట్టిన చెక్క అరుగు దగ్గర, బ్రాకెట్లు, స్క్రూలు అన్నీ ఉన్నాయి. కింద మాత్రం కాంక్రీట్ మీద ఊరికే ఆనించి వదిలేశారు. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు పాత డెక్ ఉంటే ఒకసారి వెళ్ళి చూసుకోండి. "ఇంత బరువున్న మెట్లు ఎక్కడికి పోతాయిలే" అనుకుంటాం కానీ, అవి పోతాయి. ముందుకి పోతాయి.

[దృశ్యం: మెట్ల పక్క బొమ్మ. మనిషి దిగుతుంటే ఒక బాణం కిందకి, ఒక బాణం ముందుకి.]

మెట్లు ఏటవాలుగా ఉంటాయి. మనిషి దిగుతున్నప్పుడు బరువు కిందకి దిగడంతో పాటు మెట్ల పాదాన్ని ఇంటికి దూరంగా తోస్తుంది. కింద ఆపేది లేకపోతే ఆ తోపుని పైనున్న స్క్రూలే భరించాలి. మెట్లు ఊడేది పైన. కారణం మాత్రం కింద. కాబట్టి ఇవాళ రెండు పనులు: ఆ తోపుకి అడ్డుకట్ట వేయడం, చెక్క నీళ్ళు పీల్చకుండా చూడడం. నన్నడిగితే రెండోదే కష్టం.

[దృశ్యం: గరాజ్ నేల మీద ముద్ర. తెర మీద ఎర్ర అక్షరాలు: "డ్రిల్ చేసే ముందు"]

అన్నిటికన్నా ముందు ఒక హెచ్చరిక. టెక్సాస్‌లో చాలా ఇళ్ళకి పోస్ట్ టెన్షన్ స్లాబ్ ఉంటుంది. స్లాబ్ అంటే ఇక్కడ పైకప్పు కాదు, నేల మీద పోసిన కాంక్రీట్ పలక. కాంక్రీట్ లోపల ఉక్కు కేబుళ్ళు బిగలాగి పెట్టి ఉంటాయి. కోయొద్దు, తొలవొద్దు అని గరాజ్ నేల మీద ముద్ర కూడా చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. డ్రిల్ తగిలి ఆ కేబుల్ తెగితే ప్రాణం మీదకి రావచ్చు. మీ మెట్లు దిగే స్లాబ్ ఇంటి పునాదితో కలిపి పోసిందైతే, కేబుళ్ళు ఎక్కడున్నాయో స్కాన్ చేయించకుండా ఒక్క చిల్లు కూడా పెట్టకండి. పెరట్లో విడిగా పోసిన స్లాబ్ అయితే ఈ గొడవ లేదు.

ఆ స్లాబ్ కూడా 4 అంగుళాల మందం ఉండాలి, ఇంటికి దూరంగా అడుక్కి పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి. కొత్తగా పోసిందైతే 28 రోజులు ఆగండి. ఇసుక మీద పరిచిన పేవర్ రాళ్ళకి యాంకర్, అంటే చిల్లులో దిగి పట్టుకునే బోల్టు, కొడితే ఏ లాభమూ లేదు. మెట్లతో పాటు రాయి కూడా కదులుతుంది.

[దృశ్యం: టూ బై ఫోర్ చెక్క స్లాబ్ మీద పడుకోబెట్టి ఉంది. పక్కనే స్ట్రింగర్, దాని ముందు మూలలో కోసిన గాడి.]

అసలు పనికొద్దాం. మెట్ల పలకల్ని మోసే ఏటవాలు చెక్కల్ని ఇక్కడ స్ట్రింగర్లంటారు. వాటిని నేరుగా కాంక్రీట్‌కి బిగించం. మెట్ల వెడల్పు పొడవునా ఒక టూ బై ఫోర్ చెక్కని స్లాబ్ మీద పడుకోబెట్టి, దాన్ని బోల్టులతో బిగిస్తాం. దీని పేరు కిక్కర్. టూ బై ఫోర్ అంటారు గానీ కొలిస్తే ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే. ప్రతి స్ట్రింగర్ అడుగున ముందు మూలలో సరిగ్గా అదే కొలతకి గాడి కోసి, కిక్కర్ మీద కూర్చోబెడతాం. ఇప్పుడు మెట్లు ముందుకి తోసినా కిక్కర్ చెక్క ఆపేస్తుంది. ఆ తోపు యాంకర్ల ద్వారా స్లాబ్‌లోకి పోతుంది. ఎల్ ఆకారం బ్రాకెట్లతో కూడా పని నడుస్తుంది. కట్టేసి ఉన్న మెట్లకి చాలాసార్లు అదే దారి. కొత్తగా కట్టేటప్పుడు మాత్రం నా ఓటు కిక్కర్‌కే.

[దృశ్యం: హ్యామర్ డ్రిల్, బిట్‌కి చుట్టిన టేపు, వ్యాక్యూమ్ గొట్టం.]

చిల్లులు స్ట్రింగర్ల మధ్య ఖాళీల్లో రావాలి. లేకపోతే నట్టు మీద స్ట్రింగర్ కూర్చుంటుంది. ముందు చెక్కకి మామూలు బిట్‌తో చిల్లు పెట్టి, కిక్కర్‌ని దాని చోట ఉంచి, అదే చిల్లులోంచి హ్యామర్ డ్రిల్‌తో కాంక్రీట్‌లోకి దిగండి. వెడ్జ్ యాంకర్ అంటే నట్టు బిగించేకొద్దీ కింది కొస విచ్చుకుని కాంక్రీట్‌ని పట్టుకునే బోల్టు. అర అంగుళం వెడ్జ్ యాంకర్‌కి అర అంగుళం బిట్టే వాడాలి. అదే పావు అంగుళం కాంక్రీట్ స్క్రూకైతే చిన్నది, 3/16 బిట్. ఇది తారుమారైతే పట్టు ఉండదు.

యాంకర్ పొడవు లెక్క చూద్దాం. చెక్క ఒకటిన్నర అంగుళం, వాషరూ నట్టూ కలిపి అర అంగుళం పైచిలుకు, కాంక్రీట్‌లో కనీసం 2¼ అంగుళాలు. అంటే 4¼ అంగుళాల యాంకర్ చాలీచాలకుండా ఉంటుంది. తర్వాతి సైజు 5½ కొనండి. పొడవు ఎక్కువుంది కదా అని మొత్తం దించేయకండి. 4 అంగుళాల స్లాబ్‌లో చిల్లు 3 అంగుళాలు దాటకూడదు. బిట్‌కి టేపు చుట్టుకుంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. స్లాబ్ అంచుకి 5 అంగుళాల లోపల నేను చిల్లు పెట్టను, ఎందుకంటే వెడ్జ్ లోపల విచ్చుకుంటుంది, అంచు పగులుతుంది.

చిల్లులో పొడి మిగిలితే యాంకర్ గట్టిగా పట్టదు. వ్యాక్యూమ్‌తో లాగండి, బ్రష్‌తో తోమండి, మళ్ళీ లాగండి. మాస్క్ పెట్టుకోండి, ఆ పొడిలో ఉండే సిలికా ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. యాంకర్‌ని సుత్తితో కొట్టేముందు నట్టుని పైన రెండు చుట్లు ఎక్కించి ఉంచితే మర పాడవదు. వెడ్జ్ ఒకసారి పట్టుకుంటే బయటికి రాదు, కాబట్టి కొట్టేముందు కొలత మళ్ళీ చూసుకోండి.

[దృశ్యం: తుప్పు పట్టిన బోల్టు, పక్కనే కొత్త స్టెయిన్‌లెస్ బోల్టు.]

ఇక తుప్పు. ఇప్పటి ట్రీటెడ్ చెక్కలో, అంటే పుచ్చకుండా మందు పట్టించిన చెక్కలో, రాగి మందు ఉంటుంది. 2003 చివర్లో ఇళ్ళ వాడకం నుంచి ఆర్సెనిక్ మందు తప్పుకున్నాక దాని స్థానంలో ఈ రాగి మందులు వచ్చాయి. రాగి మామూలు ఇనుముని తినేస్తుంది. షాపులో తళతళలాడే పల్చటి జింక్ పూత బోల్టులు చవకే, కానీ బయట మెట్లకి పనికిరావు. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింక్‌లో ముంచి మందంగా పూత వేసినవి) గానీ, స్టెయిన్‌లెస్ గానీ తీసుకోండి. రెండూ కలిపి వాడకండి. మిగిలిన మర కోసేయాలనుకుంటే స్టెయిన్‌లెస్ మేలు, కోసిన చోట పూత పోతుందన్న బెంగ ఉండదు.

చెక్క మీద "గ్రౌండ్ కాంటాక్ట్" అని, అంటే నేలకి తగిలేలా వాడొచ్చని, చీటీ ఉండాలి. స్ట్రింగర్‌ని కోసిన చోట మందు ఎక్కని లోపలి చెక్క బయటపడుతుంది. చెక్క నీళ్ళు పీల్చేది ఎక్కువగా ఆ చివర నుంచే. అక్కడ కాపర్ నాఫ్తనేట్ మందు బ్రష్‌తో పట్టించండి. స్ట్రింగర్ల కిందా కిక్కర్ కిందా పావు అంగుళం ప్లాస్టిక్ షిమ్‌లు (పల్చటి బిళ్ళలు) పెడితే వాన నీరు నిలవకుండా వాలులో పోతుంది. ఆ పావు అంగుళాన్ని కోతలో ముందే తగ్గించుకోండి. అమెరికాలో చాలాచోట్ల పాటించే ఇళ్ళ నిర్మాణ కోడ్ ప్రకారం ఒక మెట్టు ఎత్తు గరిష్ఠంగా 7¾ అంగుళాలు, మెట్టుకీ మెట్టుకీ తేడా 3/8 దాటకూడదు. మొదటి మెట్టు ఎత్తు తేడాగా ఉంటే చీకట్లో కాలు తడబడేది అక్కడే.

[దృశ్యం: బీటలు తీసిన నల్లటి నేల, దాని మీద ఒక పక్కకి ఒరిగిన స్లాబ్.]

డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి ఒక మాట. అక్కడి నేల మన గుంటూరు, కర్నూలు నల్లరేగడి జాతిదే. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. స్లాబ్ దాంతో పాటు లేస్తుంది, కుంగుతుంది. డెక్ స్తంభాలు లోతైన పునాది మీద ఉండి, మెట్ల కింద పల్చటి స్లాబ్ ఉంటే రెండూ ఒకే రకంగా కదలవు. న్యూజెర్సీ లాంటి చలి చోట్ల నేల గడ్డకట్టి ఇదే పని చేస్తుంది. అలాంటప్పుడు ఎంత మంచి యాంకరైనా మెట్లని కాపాడలేదు. మెట్ల కింద లోతుగా ఫుటింగ్, అంటే కాంక్రీట్ పునాది దిమ్మ, పోయాల్సిందే. అక్కడ ఎంత లోతు కావాలో మీ సిటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ చెబుతుంది. తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టిపోతారు.

[దృశ్యం: రెంచ్‌తో నట్టు బిగిస్తున్న చెయ్యి.]

అన్నీ బిగించాక, స్ట్రింగర్లకి రెండు వైపులా ఏటవాలుగా స్క్రూలు వేసి కిక్కర్‌కి పట్టించండి. కొత్త ట్రీటెడ్ చెక్క తడిగా వస్తుంది, ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది, నట్లు వదులవుతాయి. నెలా రెండు నెలలు గడిచాక రెంచ్ తీసుకుని ఒకసారి మళ్ళీ బిగించండి.