తవిటమ్మ అన్న పేరు నాకెందుకు పెట్టారంటే

అందరికీ నమస్కారం. ముందు వరసలో చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మాయిలకి ఇంకోసారి నమస్కారం, పిల్ల ఏడిస్తే లేచి వెళ్ళండమ్మా, నేనేమీ అనుకోను. నా పేరు తవిటమ్మ. ముప్ఫై రెండేళ్ళు ఒడిశాలోని మన ఈ పర్లాకిమిడి చుట్టుపక్కల బళ్ళలో పాఠాలు చెప్పాను, ఒకటో తరగతి అడ్మిషన్ రిజిస్టర్లలో చాలావరకు నా చేతిరాతే ఉంటుంది, అందుకే పిల్లలకి పెట్టే పేర్ల గురించి మాట్లాడమంటే సరే అన్నాను.

నా పేరు సంగతే ముందు చెప్తాను. నాకంటే ముందు మా అమ్మకి ఇద్దరు పుట్టి పోయారు. నేను పుట్టగానే మా నాయనమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి పక్కింటావిడ చేతికిచ్చేసి, మళ్ళీ ఆవిడకి కుంచెడు తవుడు కొలిచిపోసి నన్ను కొనుక్కుంది. ఈ పిల్ల మాది కాదు, తవుడికి కొన్న పిల్ల, దీన్ని పట్టుకెళ్ళి నువ్వేం చేసుకుంటావు అని చావుతో చెప్పడమన్నమాట. మన వైపు తవిటయ్యలు, తవిటినాయుళ్ళు, పెంటయ్యలు, పుల్లయ్యలు ఎంతమందో మీకు తెలుసు, ఆ పేర్లు మొదలైందే పోయిన పిల్లల వల్ల. ఒడియా వాళ్ళలోనూ ఈ భయం ఉంది. పెద్ద ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి గారి మొదటి పేరు బ్రజమోహన్, చిన్నప్పుడు జబ్బు చేస్తే వాళ్ళ నాయనమ్మ బాలాసోర్‌లో పీర్లకి మొక్కుకుంది, పిల్లాడు బతికితే ఫకీరుని చేసి మీకిస్తానని, ఆయన బతికాడు, ఆ పేరే నిలిచింది.

బళ్ళో నన్ను తవుడూ తవుడూ అని పిలిచేవారు, గేదెకి పెట్టే తవుడు అనేవారు. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు పలక విసిరికొట్టి ఇంటికొచ్చి నాయనమ్మ మీద అరిచాను, ఇంకో పేరే దొరకలేదా నీకని. ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు, పెరట్లోకి తీసుకెళ్ళి ఆ చేట చూపించింది, అన్నేళ్ళు దాచింది దాన్ని, ఒక పక్క చెదలు తినేసింది. నాకు ముందు పుట్టిన ఇద్దరి పేర్లూ నేను మొదటిసారి విన్నది ఆ రోజే. తర్వాత కూడా పిల్లలు ఏడిపించారు కానీ నేను ఏడవలేదు.

ఇక్కడొకటి చెప్పాలి. మహారాష్ట్రలో సాతారా జిల్లాలో 2011లో 285 మంది ఆడపిల్లలకి ఒకే సభలో పేర్లు మార్చారు. వాళ్ళందరి పేరూ నకుషా, అంటే మరాఠీలో అక్కర్లేనిది అని. కొడుకు కోసం చూస్తుంటే మళ్ళీ కూతురు పుట్టిందని ఆ పేరు పెట్టారు, ఆ పిల్లలు తమ కొత్త పేర్లు తామే ఎంచుకున్నారు. వినడానికి తవిటమ్మ, నకుషా రెండూ ఒకే రకం పేర్లలా ఉంటాయి, పరాయివాళ్ళు రెండింటికీ ఒకేలా మొహం చిట్లిస్తారు, కానీ నన్ను ఎలాగైనా ఉంచుకోవాలని పెట్టిన పేరు ఇది, ఆ పిల్లకి మాత్రం ఎవరు పిలిచినా రోజూ అదే మాట, నువ్వు వద్దు, నువ్వు వద్దు. నాకు ఆ తల్లిదండ్రుల మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు.

తుఫాను పేర్లు మనకి దగ్గర విషయం. 2013 అక్టోబర్లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు పుట్టిన పిల్లల్లో కొందరికి ఆ పేరే పెట్టారు, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, అప్పుడూ అంతే. ఫైలిన్ థాయిలాండ్ ఇచ్చిన పేరు, నీలం రాయి అని అర్థం, తిత్లీ అంటే సీతాకోకచిలుక, పాకిస్తాన్ ఇచ్చింది. అర్థాలు ఎంత అందంగా ఉన్నాయో చూడండి. కానీ మన గజపతి జిల్లాలో తిత్లీ అంటే కొండచరియలు విరిగి ఇళ్ళమీద పడిన రాత్రి గుర్తొస్తుంది, ఆ పిల్ల పెరిగి పెద్దదై ఏ కొండ ఊరికి కోడలుగా వెళ్ళినా వాళ్ళ చెవిలో ఆ పేరు ఎలా పడుతుందో ఒకసారి అనుకోండి. ముద్దుపేరుగా ఇంట్లో పిలుచుకుంటే సరే, సర్టిఫికెట్‌లో వద్దని నేనంటాను.

ఇక ఇప్పటి పేర్లు. ఫోన్లో వెతికి పెడుతున్నారు, ప్రతి పేరుకీ పక్కన లక్ష్మీదేవి అనో సూర్యుడనో అర్థం రాసుంటుంది, నేను నిఘంటువులు తిరగేస్తే చాలా పేర్లు అసలు దొరకనే దొరకవు. కొత్త పేరు పెట్టుకోవద్దని నేను అనను, మా మనవరాలికీ కొత్త పేరే. నా బాధ వేరే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయ్యాక మనం ఇటు పడ్డాం, అప్పట్నించీ మన పిల్ల పేరు ఇంట్లో తెలుగులో, బళ్ళో ఒడియాలో, కాయితాల్లో ఇంగ్లీషులో, మూడు చోట్ల బతకాలి. ఒడియాలో వ అనేది బ అయిపోతుంది, మాట మొదట్లో య ఉంటే జ అవుతుంది, క్ష ని ఖ్య లాగా పలుకుతారు. వంశీ బంసీ అవుతాడు, యామిని జామిని అవుతుంది. నేను తబిటమ్మనయ్యాను, దాన్ని ఇంగ్లీషులోకి ఎక్కించినవాళ్ళు టాబిట అని ఒక ముక్క, అమ్మ అని ఒక ముక్క చేశారు, పెన్షన్ కోసం నేనూ టాబిటా ఒకటేనని ఎన్ని సంతకాలు పెట్టానో. ఇంటిపేరు మనకి ముందుంటుంది, వాళ్ళకి చివర. అప్పలనాయుడు అని కలిపి చెప్తే అప్పల విడిపోయి నాయుడు ఇంటిపేరు గడిలో కూర్చుంటుంది, అసలు ఇంటిపేరు ఒక్క ఇంగ్లీషు అక్షరమై మిగుల్తుంది, కొన్నిసార్లు అదీ ఉండదు.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి యుగంధర్. రిజిస్టర్లో ఒడియాలో రాసింది నేనే, పైన హైస్కూల్లో దాన్ని చదివి ఇంగ్లీషులో జుగంధర్ అని రాశారు, మెట్రిక్ సర్టిఫికెట్ అలాగే వచ్చింది, ఆధార్‌లో మాత్రం యుగంధర్. ఉద్యోగం వచ్చి వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయాడు. అఫిడవిట్, పేపర్లో ప్రకటన, గెజిట్ అంటూ నెలలు తిరిగి నా ఇంటికొచ్చి కూర్చున్నాడు, టీచర్ గారూ మీరు అప్పుడే ఇంగ్లీషులో కూడా రాయించి ఉంటే అన్నాడు. నిజమే, నేను అడగలేదు, ఆ రోజుల్లో ఎవరం అడిగేవాళ్ళం కాదు.

ఇప్పుడు ఇంకా గట్టి అయింది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి బడికీ, ఓటుకీ, డ్రైవింగ్ లైసెన్సుకీ, పెళ్ళి రిజిస్ట్రేషన్‌కీ బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి, ఒడియా వాళ్ళు పేరు పెట్టే ఎకొయిసియా వేడుక కూడా 21వ రోజే, మనలో చాలామందికి బారసాలా అప్పుడే. పేరు తేలకపోతే జననం నమోదు చేయించేయండి, పేరు చేర్చడానికి 12 నెలలు ఫీజు లేకుండా టైం ఉంది, కంగారుపడి ఏదో ఒకటి రాయించకండి. అలాగని వదిలేయకండి కూడా, కేరళలో ఒక పిల్ల తల్లీ తండ్రీ పేరు దగ్గర పంతానికి పోతే, పేరు లేని బర్త్ సర్టిఫికెట్ బళ్ళో తీసుకోలేదు, 2023లో హైకోర్టే ఆ పిల్లకి పేరు పెట్టాల్సొచ్చింది. న్యూజిలాండ్‌లో 2008లో తొమ్మిదేళ్ళ అమ్మాయి పేరు టాలులా డస్ ది హులా ఫ్రమ్ హవాయీ, ఆ పిల్ల సిగ్గుపడి స్నేహితులకి తన పేరు కె అని మాత్రమే చెప్పుకునేది, పేరు మార్చాలని జడ్జి ఆ పిల్ల బాధ్యత కోర్టుకే తీసుకున్నాడు.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, నోటితో మాట్లాడే భాషే రాయాలని ఆయన పోరాడారు. పేరు కూడా రాసే ముందు నోటితో పిలిచి చూడండి, పెరట్లోంచి వీధిలోకి వినపడేలా గట్టిగా పిలవండి. నేను ఆ మూల బల్ల దగ్గర తెల్లకాయితాలు పెట్టుకుని కూర్చుంటాను, మీరనుకున్న పేరు చెప్తే తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో మూడింట్లోనూ రాసిస్తాను. ఆ ఒడియా ముక్క మాత్రం మీ పక్కింటి ఒడియా ఆవిడ చేత పైకి చదివించి వినండి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్‌కి వెళ్ళండమ్మా.