పాల కేంద్రం లెక్క టూజీలో వెళ్ళాలంటే: జీజిప్ కంటే ముందు చేయాల్సిన పని

[తెర మీద: పలమనేరు వైపు ఒక పాల కేంద్రం. ఫ్యాట్ మిషన్ పక్కన ఫోను, సిగ్నల్ ఒకటే గీత]

ఉదయం పూట పాలు పోయడం అయిపోయింది. 200 మంది రైతుల కోడ్, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలలో మిగిలే ఘనపదార్థం), టైము చిత్తూరులోని సర్వర్‌కి చేరాలి. ఊళ్ళో అందేది టూజీ.

చాలామంది ఒక్కో రైతు రికార్డును విడిగా జీజిప్ (ఫైలు సైజు తగ్గించే పద్ధతి) చేసి పంపుతారు. అది దండగ. జీజిప్ ఫైలుకి ముందు 10, చివర 8, మొత్తం 18 బైట్లు తప్పనిసరి. పైగా అది వెనకటి 32 కేబీలో వచ్చిందే మళ్ళీ వస్తేనే బాగా కుదిస్తుంది. ఒక్క రికార్డులో మళ్ళీ వచ్చేదేముంటుంది? పూట లెక్కంతా ఒకే ఫైలుగా కట్టండి.

[తెర మీద: జేసన్ రికార్డు, 77 బైట్లు]

జేసన్ అంటే ప్రతి విలువ పక్కనా దాని పేరు (కీ) రాసే పద్ధతి. ఇందులో సగానికి పైగా కీల పేర్లు, కోట్‌లు, తేదీలే. 200 మందికి 15 కేబీ. దీన్ని నిలువు వరసలుగా మార్చండి: పేర్లు ఒక్కసారే, తర్వాత ఫ్యాట్‌లన్నీ ఒకచోట, లీటర్లన్నీ ఒకచోట. 4.2ని 42గా రాయండి. టైము మొదటి రైతుకే పూర్తిగా, మిగతావాళ్ళకి ముందువాళ్ళతో తేడా సెకన్లలో. మనిషికి సుమారు 16 బైట్లు, మొత్తం 3 కేబీ పైచిలుకు. ఇంకా జీజిప్ చేయనేలేదు! పదితో భాగించాలన్న సంగతి మాత్రం సర్వర్ వాళ్ళకి రాసివ్వండి, లేకపోతే బిల్లులో ఫ్యాట్ 42 అని పడుతుంది.

తెలుగు పేర్లు పంపాల్సివస్తే పైథాన్‌తో జాగ్రత్త. 'పలమనేరు' యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) 21 బైట్లు. పైథాన్‌లో జేసన్ తయారుచేసే జేసన్ డంప్స్ ఫంక్షన్ మామూలుగా దాన్ని ఎస్కేప్ కోడ్‌లుగా మార్చి 42 చేస్తుంది. అందులో ఎన్‌ష్యూర్ ఆస్కీ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేయండి. అసలు రైతు కోడ్ ఉండగా పేరెందుకు?

ఏ రికార్డుకా రికార్డు అప్పటికప్పుడే వెళ్ళాలంటే జెడ్‌స్టాండర్డ్ (జీజిప్ లాంటిదే ఇంకో కుదింపు పద్ధతి) డిక్షనరీ, అంటే తరచూ వచ్చే ముక్కల పట్టిక, వాడండి. వేలకొద్దీ పాత రికార్డులతో తయారుచేసి యాప్‌తోపాటే ఇవ్వండి. రెండు వైపులా ఒకే డిక్షనరీ లేకపోతే ఫైలు తెరుచుకోదు. కొత్తది వచ్చినా పాతది సర్వర్‌లో ఉంచండి, అప్‌డేట్ చేయని ఫోన్లు ఉంటాయి.

ఎన్‌క్రిప్ట్ చేశాక కుదిస్తే ఏమీ తగ్గదు, కుదించాకే ఎన్‌క్రిప్ట్ చేయండి. 'ఇది జీజిప్' అని సర్వర్‌కి చెప్పే కంటెంట్ ఎన్‌కోడింగ్ హెడర్ పెట్టినంత మాత్రాన పని అవదు. ఫోను పంపిన జీజిప్‌ని చాలా సర్వర్లు తమంతట విప్పవు, ఆ కోడు మీరే రాయాలి.

[తెర మీద: సగంలో తెగిన అప్‌లోడ్]

లైను తెగితే చివరి 8 బైట్లు రావు, అందులోనే సీఆర్‌సీ (ఫైలు సరిగా వచ్చిందో సరిచూసే అంకె) ఉంటుంది కాబట్టి సర్వర్ ఆ ఫైలును తిప్పికొడుతుంది. అందుకే ప్రతి పూటకీ ఒక నంబరు ఇవ్వండి. 'అందింది' అని జవాబు వచ్చేదాకా ఫోనులోంచి తీసేయకండి. అదే నంబరు రెండోసారి వస్తే సర్వర్ పక్కన పెట్టాలి, లేదంటే ఒకే పూట పాలకి రైతు ఖాతాలో రెండుసార్లు డబ్బు పడుతుంది.