పనిచేసిన యంత్రాన్ని ఎవరు కొనాలి?

సభలోని పెద్దలకు, హన్మకొండ, వరంగల్ కళాశాలల నుంచి వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులకు నమస్కారం.

ప్రదర్శనలో చక్కగా పనిచేసిన యంత్రం బజారులో ఎందుకు నిలవలేదని అడిగితే, ధర ఎక్కువనో ప్రచారం చాలలేదనో అంటారు. ఆ జవాబు నాకు సరిపోదు. ఆ వస్తువును ఎవరు వాడాలో ఆలోచించినంత లోతుగా, ఎవరు డబ్బు చెల్లించాలో ఆలోచించకపోవడమే చాలాచోట్ల అసలు కారణమని నా అభిప్రాయం.

అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో చూపిన పిక్చర్‌ఫోన్, ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకునే టెలిఫోన్. 1970లో పిట్స్‌బర్గ్‌లో దాని సేవ మొదలైనప్పుడు నెలకు 160 డాలర్లు వసూలు చేశారు. అయితే అవతలివారు కూడా అంతే చెల్లించి దానిని పెట్టించుకోకపోతే ఇవతలివారు చెల్లించినది వృథా. ఆ దశాబ్దం ముగిసేలోగా అది కనుమరుగైంది.

నన్ను ఎక్కువగా బాధించేది మన దేశంలో పుట్టిన సింప్యూటర్ కథ. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజినీర్లు కలిసి 2001లో దాని నమూనాను చూపారు. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో, చిన్న బ్యాటరీలతో నడిచే ఆ చేతి కంప్యూటర్ తాకే తెరతో, చదువురానివారి కోసం భారతీయ భాషల్లో పైకి చదివి వినిపించే ఏర్పాటుతో వచ్చింది. ఊరంతటికీ ఒకే యంత్రం ఉండాలి, ఎవరి వివరాలు వారి స్మార్ట్‌కార్డులో ఉండాలి, ఎవరి వంతు వచ్చినప్పుడు వారు ఆ కార్డు పెట్టి వాడుకోవాలి అన్నది దాని వెనుక ఉన్న ఊహ. పేదవాడు సొంతంగా కొనలేడని గుర్తించి, ఆ లోటును కార్డుతో పూడ్చిన ఆ ఆలోచనను నేను ఇప్పటికీ గొప్పదిగానే భావిస్తాను. అయితే పదిమందీ పంచుకునే వస్తువుకు కొనుగోలుదారు ఎవరు? రైతు వాడాలి, పంచాయతీయో ప్రభుత్వమో కొనాలి. ఆ పెద్ద ఆర్డర్లు ఆశించినంతగా రాలేదు. 2004లో దాదాపు 10,000 రూపాయల ప్రారంభ ధరతో అమ్మకానికి వచ్చినా, అమ్ముడైనవి కొన్ని వేలకు మించలేదు. అప్పటికే, 2003 మే నుంచి మొబైల్ ఫోన్‌కు వచ్చే కాల్స్ ఉచితం కావడంతో, సామాన్యుడు తన డబ్బుతో తనకోసం కొనుక్కునే యంత్రం వేరొకటి చేతికి అందింది.

ఇప్పుడు మనకు దగ్గరలోని ఆలేరు ప్రాంతానికి రండి. చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ వరుసగా తిప్పడానికి, తల్లి లక్ష్మి తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించడం, ఆమె భుజం నొప్పి చూసి, నేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం గారు 1992లో మొదలుపెట్టిన ఆసు యంత్రం 1999లో పూర్తయింది; 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. పెద్ద కంపెనీ లెక్కలో అది చాలా చిన్న మార్కెట్, ఎందుకంటే చిటికీ నేతవారికి, అంటే నూలుకు ముడులు కట్టి రంగులద్ది నేసేవారికి తప్ప ఆ యంత్రం మరెవరికీ అక్కరలేదు. అయినా అది వందల ఇళ్లకు చేరింది. ఆ ఇళ్లలో డబ్బు పెట్టేదీ, ఫలితం అనుభవించేదీ ఒకే కుటుంబం. అంతకుముందు నాలుగైదు గంటలు పట్టిన ఆసు గంటన్నరలో పూర్తయితే, ఆ రోజే మరిన్ని చీరలకు నూలు సిద్ధమవుతుంది.