పాత లెన్సులను కాటా ఎక్కించకండి

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవాన కాకినాడలో ఔత్సాహిక ఫొటోగ్రాఫర్ల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, పొద్దుటి నుంచి వాన కురుస్తున్నా వచ్చిన మిత్రులకు, కుర్చీలు చాలక గోడవారన నిలబడిన కాలేజీ విద్యార్థులకు, పక్క గదిలో ప్రదర్శన కోసం రాత్రంతా మేలుకుని ఫొటోలు తగిలించిన కుర్రవాళ్లకు పేరుపేరునా నమస్కారాలు. 1839లో ఇదే ఆగస్టు 19న ఫ్రాన్సులో డాగెర్ ఫొటో పద్ధతిని లోకానికి వెల్లడించిన ముచ్చట, ఆరో నిజాం కొలువులో రాజా దీనదయాళ్ తీసిన చిత్రాల వైభవం నాకు ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా చెప్పారు. కాబట్టి ఆ జోలికి వెళ్లను.

నాకిచ్చిన అంశం ‘మిర్రర్‌లెస్ కెమెరా ఎలా ఎంచుకోవాలి’. పాత కెమెరాల్లో లెన్సు వెనక ఉండే అద్దం ఇందులో ఉండదు, అందుకే ఆ పేరు. నిర్వాహకుల మాట కాదనలేను గనుక ముందు ఆ నాలుగు ముక్కలూ చెప్పేస్తాను. కొనబోయే కెమెరాను చేత్తో పట్టుకుని చూడకుండా డబ్బు కట్టకండి. వేళ్లకు అమరాలి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినప్పుడు కళ్లద్దాలతో సహా నాలుగు మూలలూ కనబడాలి. రెండో బ్యాటరీ తప్పనిసరి. అద్దం ఉన్న కెమెరాలో చూపు గాజులోంచి పోయేది, కరెంటుతో పని ఉండేది కాదు. ఇందులో మీరు చూస్తున్నంతసేపూ ఫిల్ము స్థానంలో ఉండే సెన్సర్, తెర రెండూ వెలుగుతూనే ఉంటాయి. ఉప్పాడ ఒడ్డున గాలిలో నిలబడి లెన్సు మార్చకండి. అద్దం అడ్డు లేదు గనుక ఇసుక నలుసు నేరుగా సెన్సర్ మీదికే వెళుతుంది. f/16లో, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని (అపర్చర్‌ను) బాగా చిన్నది చేసి, ఆకాశం తీసినప్పుడు నల్లచుక్కై బయటపడుతుంది.

పెళ్లిళ్లకు వెళ్లేవారికి ఇంకొక్క మాట. చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షటర్ బాగుందని కల్యాణ మండపంలో వాడితే, ఎల్ఈడీ దీపాల కింద వధువు పట్టుచీర మీద అడ్డచారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. దానితో వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. సెన్సర్ వరుస తర్వాత వరుసగా చదువుతుంది గనుక ఆ మిణుకులు చారలై కూర్చుంటాయి. అక్కడ మెకానికల్ షటర్ పెట్టి, 1/50 గానీ 1/100 గానీ వాడితే చాలావరకు ఇబ్బంది ఉండదు. తలంబ్రాలు పోసే క్షణం రెండోసారి రాదు, దయచేసి గుర్తుంచుకోండి.

ఎంపిక గురించి ఇంతే. ఇప్పుడు నేను నిజంగా చెప్పడానికి వచ్చిన విషయంలోకి వెళతాను. అధ్యక్షులు మన్నించాలి.

ఈ హాల్లో ఎవరు కలిసినా బాడీ గురించే అడుగుతున్నారు. ఫుల్‌ఫ్రేమా, క్రాప్ సెన్సరా (పెద్ద సెన్సరా, చిన్నదా), ఎన్ని మెగాపిక్సెళ్లు, వాయిదాల్లో తీసుకుంటే నెలకెంత? లెన్సు గురించి అడిగేవారు అరుదు. అడిగినవారు కూడా కొత్త లెన్సు ధర విని నీరసపడి వెళ్లిపోతున్నారు. నాకు బాధగా ఉంటుంది. మీ మేనమామ బీరువాలోనో, మీ వీధి చివర స్టూడియో అటక మీదో మీకు కావలసిన లెన్సు పడి ఉంది. ఆ సంగతి మీకు ఎవరూ చెప్పడం లేదు.

ఎలాగంటారా, చూడండి. అద్దం ఉన్న కెమెరాలో ఆ అద్దం లేచి పడటానికి లెన్సుకూ ఫిల్ముకూ మధ్య చోటు కావాలి. నికాన్ 1959లో లెన్సు బిగించే ఎఫ్ మౌంటు తెచ్చినప్పుడు లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ముకు 46.5 మిల్లీమీటర్లు పెట్టింది. పెంటాక్స్‌లో 45.46. కెనాన్ ఈఎఫ్‌లో 44. అద్దం తీసేశాక అంత దూరం అక్కర్లేకపోయింది. 2008లో పానాసోనిక్ జీ1 వచ్చింది, 2013లో సోనీ ఏ7 వచ్చింది, 2018లో నికాన్, కెనాన్ కూడా ఫుల్‌ఫ్రేమ్‌లో ఇదే దారి పట్టాయి. సోనీ ఇ మౌంటులో ఆ దూరం 18 మిల్లీమీటర్లు, నికాన్ జెడ్‌లో 16, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20. ఇప్పుడు తీసివేత చేయండి. 46.5 లోంచి 18 తీస్తే 28.5. సరిగ్గా అంత పొడవున్న బోలు గొట్టం ఒకటి మధ్యలో బిగిస్తే, మీ నాన్నగారి నికాన్ ఎఫ్ఎమ్2 మీద ఉన్న లెన్సు మీ సోనీ మీద కూర్చుని అనంత దూరం దాకా ఫోకస్ అవుతుంది. ఆ గొట్టంలో గాజు లేదు, తీగ లేదు. అదే అడాప్టర్. కొత్త లెన్సు ధర పక్కన దాని ధర లెక్కలోకే రాదు.

గొట్టంలో తీగ లేదు గనుక కెమెరా తనకు లెన్సే లేదనుకుంటుంది. లెన్సు లేకున్నా షటర్ పనిచేసేలా మెనూలో ఒక మీట ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలి. బాడీలోనే చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఉంటే లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో చేత్తో నింపాలి. ఫోకస్ కుదిరిన అంచులకు రంగు వేసి చూపే ఫోకస్ పీకింగ్ ఎరుపు రంగులో పెట్టుకోండి. రింగు తిప్పుతుంటే ఎదుటి మనిషి కనురెప్పల మీదికి ఎర్రని అంచు పాకుతూ వస్తుంది. అక్కడ ఆపి నొక్కడమే. అపర్చర్ రింగు లేని లెన్సులకు, ఎలక్ట్రానిక్ అపర్చర్ ఉన్నవాటికి వేరే రకం అడాప్టర్లు కావాలి, ఆ వివరాలు సభ తర్వాత చెబుతాను.

ఇది నాకు ఎక్కడ అర్థమైందో చెప్పాలి. మన మెయిన్ రోడ్డు పక్క సందులో ఒక పాత స్టూడియో ఉండేది. పేరు చెప్పను, ఇక్కడున్న పెద్దలు పోల్చుకుంటారు. దాని యజమానిని అందరం మాస్టారనే పిలిచేవాళ్లం. నెగటివ్‌ను ఎలా చదవాలో నాకు నేర్పింది ఆయనే. ఆయన పోయాక స్టూడియో రెండేళ్లు తాళం వేసి ఉంది. పిల్లలు దేశం దాటి వెళ్లారు. చివరికి షట్టర్ల గదులు బేరం కుదిరి, ఖాళీ చేయాల్సి వచ్చింది. వాళ్ల ఇంటావిడ నాకు ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి గుమ్మం ముందు కాటా పెట్టి ఉంది. పాత సామాన్ల వ్యాపారి గోనెసంచిలో లెన్సులు వేసి తూస్తున్నాడు. పెంటాక్స్ కే1000 మీది 50 మిల్లీమీటర్ల లెన్సు, రష్యా జెనిట్‌తో వచ్చే హీలియోస్ 58, పసుపు పట్టిన ఒక టకుమర్, ఇంకా ఏవేవో. గాజు తీసేస్తే లోపల అల్యూమినియమేనండీ, దానికే ధర అన్నాడతను. అతని వ్యాపారం అతనిది, తప్పుపట్టను.

ఆవిడ అరుగు మీద కూర్చుని ఉన్నారు. “బాబూ, ఆయన ఉన్నన్నాళ్లూ వీటిని నన్ను కూడా తాకనిచ్చేవారు కాదు. ఇప్పుడు చూడు, కిలోల లెక్క” అన్నారు. నేను ఆ వ్యాపారికి అతను చెప్పిన ధర ఇచ్చి సంచి మొత్తం తీసుకున్నాను. నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీదికి దించే ఎన్‌లార్జర్ స్తంభం అప్పటికే విరిచేశారు. తలభాగం మాత్రం సంచి అడుగున ఉంది. దానికి బిగించిన 75 మిల్లీమీటర్ల ఎల్-నిక్కర్ లెన్సును మరతిప్పి ఊడదీశాను. ఈ ఊళ్లో ఎన్ని పెళ్లిళ్ల ఫొటోలు, ఎన్ని గ్రూపు ఫొటోలు ఆ గాజులోంచి కాగితం మీదికి దిగాయో ఒక్కసారి ఊహించండి!

ఆ లెన్సుల పరిస్థితి కూడా వినండి, ఎందుకంటే మీ ఇళ్లలో ఉన్నవీ అలాగే ఉంటాయి. వెనక నుంచి టార్చి వేసి చూస్తే హీలియోస్‌లో సాలెగూడు లాంటి బూజు. మన సముద్రపు తేమకు అది తప్పదు. అందులోనూ తోలు సంచీలో దాచితే మరీ తొందరగా పడుతుంది, తోలు తేమను పట్టి ఉంచుతుంది. సంచీలోంచి తీసేయండి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, తేమ కొలిచే చిన్న మీటరు వేసి, 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. పసుపు పట్టిన టకుమర్ చెడిపోలేదు. ఆ కాలంలో కొన్ని లెన్సుల గాజులో థోరియం కలిపేవారు, ఏళ్లు గడిచేకొద్దీ అది పసుపెక్కుతుంది. ఎండ తగిలేలా కొన్ని వారాలు కిటికీలో పెడితే చాలావరకు తేటపడుతుంది. ఇది తెలియక పారేసిన లెన్సులు ఎన్నో! కొద్దిపాటి బూజు ఉంటే కాంట్రాస్టు కాస్త తగ్గుతుంది, అంతే. బాగుచేయడం దండగ అని ఒక సర్వీసు సెంటరులో నాకు చెప్పారు. అదే లెన్సుతో తీసిన కోరంగి మడ అడవి ఫొటో పక్క గదిలో ఎడమ గోడ మీద ఉంది. చూసి మీరే చెప్పండి.

కానీ మిత్రులారా, ఆ రోజు నన్ను కుదిపింది లెన్సులు కాదు. “నెగటివ్‌లు ఏవమ్మా?” అని అడిగాను. వెండి తీసేవాళ్లు బస్తాలకు బస్తాలు పట్టుకుపోయారని చెప్పారు. ఫిల్ములో వెండి ఉంటుంది, దాన్ని కరిగించి తీస్తారు. నలభై ఏళ్ల పాటు తీసిన ఈ ఊరివాళ్ల ముఖాలు వెండి కోసం కరిగిపోయాయి. నాకు నోట మాట రాలేదు. మెట్ల కింద ఒక ట్రంకు పెట్టె మాత్రం వాళ్ల కంట పడలేదట. అందులో గోధుమరంగు కవర్లు, ప్రతి కవరు మీదా పెన్సిల్‌తో నంబరు, పైన ఒక రిజిస్టరు.

మిర్రర్‌లెస్ ఏం చేస్తుందో ఇక్కడ చూడండి. ఎన్‌లార్జర్ లెన్సుకు వెనక 39 మిల్లీమీటర్ల మర ఉంటుంది. దాన్ని ముడుచుకుని సాగే గొట్టం లాంటి బెలోస్‌కు బిగించి, బెలోస్‌ను అడాప్టర్‌తో నా కెమెరాకు తగిలించాను. కింద తెల్లని ఎల్ఈడీ పలక, దాని మీద నెగటివ్, పైన కెమెరా, f/8. ఫోకస్ సరిచూడటానికి తెర మీద పెద్దది చేశాను. ఒక ఆడపిల్ల ముఖం. ఆ ముఖం మీద పెన్సిల్ గీతలు! మాస్టారు టచింగ్ చేసిన గీతలు. మొటిమ మచ్చ, కంటి కింది నీడ నెగటివ్‌లో పలచగా ఉంటాయి. అక్కడ పెన్సిల్ మొనతో సన్నగా నింపితే ప్రింటులో తెల్లబడతాయి. చెంప మీద, ముక్కు పక్కన, గడ్డం కింద, ఆవగింజంత చోటులో ఎన్ని గీతలో! పెళ్లిచూపులకు పంపే ఫొటో అయి ఉంటుంది. ఆ అమ్మాయికి మంచి సంబంధం రావాలని ఒక మనిషి రాత్రిపూట దీపం ముందు కూర్చుని అంత శ్రద్ధ పెట్టాడు. నెగటివ్‌ను తిరగేసి పాజిటివ్ చేయడం కంప్యూటర్‌లో క్షణం పని. ఆయన వేలి పని మాత్రం ఆ ఫిల్ము మీదే ఉంది, ప్రింటులో కూడా కనబడదు.

ఆ తర్వాత జరిగింది చెబుతాను. సమయం మించిపోతోందని అధ్యక్షులు చూస్తున్నారు, ఇది చెప్పనివ్వండి. 1996 నవంబరు తుపాను మీలో పెద్దవాళ్లందరికీ గుర్తే. కాకినాడ నుంచి కోనసీమ దాకా ఇళ్లు పోయాయి, మనుషులు పోయారు. ఇళ్లతో పాటు గోడ మీది ఫొటోలూ పోయాయి. రిజిస్టరులో ఊళ్ల పేర్లు చూసి, తాళ్లరేవు వైపు నుంచి వచ్చి ఫొటో దిగినవాళ్ల జాబితా రాసి, ఆ వైపు ఉన్న ఒక టీచరుగారికి ఇచ్చాను. కొన్నాళ్లకు ఒకాయన వచ్చాడు. నడివయసు మనిషి, చేపల చెరువు దగ్గర పని. తన తల్లి ముఖం ఎలా ఉండేదో తనకు జ్ఞాపకం లేదని, తుపానుతో ఇంట్లో ఒక్క ఫొటో మిగల్లేదని చెప్పాడు. రిజిస్టరులో ఆయన తండ్రి పేరు దొరికింది. నంబరు పట్టుకుని కవరు తీశాం. భార్యాభర్తలు నిలబడి ఉన్నారు, వెనక తెర మీద తాజమహలు బొమ్మ. ఆయన కంప్యూటర్ తెరకు దగ్గరగా వంగి, “మా చెల్లెలు అచ్చం ఇలాగే ఉంటుందండీ” అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేదు. ప్రింటు తీసి ఇస్తే చొక్కా లోపల పెట్టుకుని వెళ్లాడు.

బస్తాలకు బస్తాలు పోయాయని చెప్పాను కదా. వాటిలో ఎంతమంది తల్లులున్నారో ఎవరు చెప్పగలరు?

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. ఇక్కడ పిఠాపురం నుంచి వచ్చినవారు ఎవరు? చేతులెత్తండి. పెద్దాపురం? రామచంద్రపురం? తుని? మీ ఊళ్లో ఇంకా తెరిచి ఉన్న పాత స్టూడియో ఏది, మూతపడబోయేది ఏది, అటక మీద పెట్టెలున్న ఇల్లు ఏది, మీకు తెలుసు. రేపే వెళ్లి కూర్చోండి, టీ తాగండి, కబుర్లు చెప్పించుకోండి. లెన్సులు వాళ్లు ఉంచుకుంటామంటే ఉంచుకోనివ్వండి, సిలికా జెల్ పొట్లం ఇచ్చి రండి. అమ్ముతామంటే సరైన ధర ఇచ్చి కొనండి, వృద్ధుల దగ్గర బేరాలాడకండి. నెగటివ్‌లు మాత్రం రిజిస్టరుతో సహా అడగండి. రిజిస్టరు లేకపోతే ఆ ముఖాలు ఎవరివో ఎవరికీ తెలియదు. యజమాని బతికుంటే పక్కన కూర్చుని పేర్లు చెప్పించి రాసుకోండి. ఆ ఫొటోలు ఆ కుటుంబాలవి. అడగకుండా ఎక్కడా పెట్టకండి, ప్రదర్శించకండి.

కొత్త కెమెరా కొనొద్దని నేను అనడం లేదు. కొనండి, సంతోషంగా కొనండి. ఆ పెట్టెలో అడాప్టర్ ఒకటి కూడా ఉండాలని మాత్రం పట్టుబడుతున్నాను.

సామర్లకోటలో ఒక స్టూడియో వచ్చే ఆదివారం ఖాళీ చేస్తున్నారు. యజమానితో మాట్లాడాను, రెండు బీరువాల నెగటివ్‌లు, ఒక చెక్క కెమెరా ఉన్నాయట, మనకే ఇస్తామన్నారు. తీసుకురావడానికి వ్యాను కావాలి, మోయడానికి నలుగురు కావాలి, వాన తగలకుండా కప్పడానికి టార్పాలిన్ కావాలి. వ్యాను ఉన్నవారు గానీ, నడిపేవారు తెలిసినవారు గానీ ఉంటే సభ అయ్యాక నన్ను గుమ్మం దగ్గర కలవండి. అట్టపెట్టెలు నేను తెస్తాను. నమస్కారం.