ఆట మార్చాలంటే ముందు బల్ల సర్దుకోవాలి

అందరికీ నమస్కారం. ఈ తిరుపతి ఎండలో, ఆదివారం పూట, ఇంతమంది ల్యాప్‌టాప్‌లు మోసుకొచ్చారంటే మిమ్మల్ని ఉపన్యాసంతో విసిగించడం న్యాయం కాదు. నేరుగా పనిలోకి పోదాం: ఒకరు రాసిన ఆట కోడ్ తీసుకుని, మనకి తగ్గట్టు మార్చుకోవడం.

2048 ఆట తెలుసు కదా, ఒకే అంకెలున్న బిళ్ళల్ని కలిపేది. 2014 మార్చిలో గాబ్రియేలె చిరుల్లి అనే ఇటలీ కుర్రాడు రాసి, కోడంతా ఎంఐటీ లైసెన్సుతో, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్లో పెట్టేశాడు. అంటే తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అతని కాపీరైట్ ముక్క మాత్రం చెరపకూడదు. గుడి మండపాల్లో రాతి మీద గీసిన పులి-మేక పటం చూసే ఉంటారు. ఎవరు గీశారో తెలీదు, ఆడేవాళ్ళు ఊరికో రూలు పెట్టుకున్నారు. ఇక్కడ గీసినాయన పేరు తెలుసు, అంతే తేడా.

కోడ్ రాసుకోడానికి వీఎస్ కోడ్, మార్పుల లెక్క ఉంచడానికి గిట్, ఇంకా పైథాన్, క్రోమ్ ఉంటే చాలు, కొత్త ల్యాప్‌టాప్ కోసం ఇంట్లో గొడవ పడక్కర్లేదు. క్లోన్ చేసుకుని, అంటే ఆ కోడ్ కాపీని మీ ల్యాప్‌టాప్‌లోకి దించుకుని, వెంటనే కొత్త బ్రాంచ్ తెరవండి, మీ మార్పులు అసలు కోడ్‌తో కలవకుండా విడిగా ఉంటాయి. ఫోల్డర్లో టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి పైథాన్‌తో లోకల్ సర్వర్ పెడితే, బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ 8000 అనే అడ్రస్‌లో ఆట వస్తుంది. ఇండెక్స్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేసినా ఈ ఆట తెరుచుకుంటుంది, నిజమే, కానీ రేపు జావాస్క్రిప్ట్ మాడ్యూల్స్ వాడిన ఇంకో ఆట పట్టుకుంటే బ్రౌజర్ అలా ఒప్పుకోదు, అందుకే ఈ అలవాటు ఇప్పుడే. ఎఫ్12 నొక్కితే వచ్చే ప్యానెల్‌లో, నెట్‌వర్క్ ట్యాబ్ కింద డిజేబుల్ క్యాష్ టిక్ పెట్టండి, బ్రౌజర్ దాచుకున్న పాత ఫైలు (క్యాష్) చూపించదు. ఆ ప్యానెల్ మూసేస్తే టిక్ ఉన్నా లేనట్టే.

నా సంగతి చెప్తాను. మొదటిసారి అప్లికేషన్ ఫైల్లో బోర్డు సైజు 4ని 5 చేశా, సేవ్ చేశా, రిఫ్రెష్ కొట్టా. ఏమీ మారలేదప్పా! క్యాష్ అనుకున్నా, సర్వర్ ఆపి మళ్ళీ పెట్టా, గంట పోయింది. చూస్తే, సగంలో ఆపిన ఆటని అది బ్రౌజర్లోని లోకల్ స్టోరేజ్‌లో దాచుకుని, రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ ఆ పాత నాలుగు గడుల ఆటనే తెచ్చి పెడుతోంది. న్యూ గేమ్ నొక్కితే సైజు మారింది, కానీ అయిదో వరసలో పుట్టిన బిళ్ళ పోయి పై మూలన కూర్చుంది, ఎందుకంటే బోర్డు గీత వేరేగా హెచ్‌టీఎంఎల్ (పేజీ రాసిన) ఫైల్లో, బిళ్ళల చోట్లు స్టైల్ ఫైల్లో ఉన్నాయి, అక్కడ ఇంకా నాలుగే. అప్పట్నుంచీ నేను ఏ ఆట పట్టుకున్నా ముందు ఒక అక్షరం మార్చి, అది తెర మీద కనిపించిందా లేదా చూసుకున్నాకే మిగతా పని.

ఇవాళ మనం చేసేది చిన్నదే, బిళ్ళల మీద తెలుగు అంకెలు. హెచ్‌టీఎంఎల్ యాక్చుయేటర్ అనే ఫైల్లో బిళ్ళ మీద విలువ రాసే లైన్ ఒక్కటే ఉంది, దాన్నే మార్చాలి. తెర మీద చూపేదే మార్చండి, లోపలి విలువని ముట్టుకోవద్దు, రంగులూ కలిసే లెక్కా దాని మీదే నడుస్తున్నాయి. ౨, ౪ సరే, ౮ కనిపిస్తే ఇదేంటని సగం మంది అడుగుతారు, ఇంట్లో నాయనమ్మ ఉంటే ఆవిడకే ఫోన్ కొట్టండి.

వైఫై పాస్‌వర్డ్ బోర్డు మీద రాశాను. క్లోన్ మొదలెట్టండి.